కొండ మీదికి నీళ్లు తెచ్చినవాడు

జిల్లా పాలనాధికారి గారి సముఖమునకు,

పాత బజారు వెనక సందులో, మేడమెట్ల కింది గదిలో బడిపిల్లల యూనిఫారాలు కుట్టుకొని జీవించుచున్న దర్జీ, యుద్ధమునందు గాయపడి తిరిగివచ్చిన మాజీ సైనికుని అక్క, సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నగరం నడిబొడ్డున నాలుగు రోడ్ల కూడలిలో నిర్మించిన యుద్ధ స్మారకమునందు నీళ్ల ట్యాంకరు డ్రైవరు ఒకరి పేరు లేకపోవుట గురించి, సదరు డ్రైవరు మరణించినట్లు నేటివరకు ఏ కార్యాలయమూ నమోదు చేయకపోవుట గురించి, ఆ రాతి మీద సుద్దతో రాసిన నేరమునకు నా తమ్ముడు జైలులో ఉండుట గురించి.

విషయం ఒక్కటే ఉండాలని కోర్టు ముందు అర్జీలు రాసిపెట్టే ఆయన చెప్పాడు. నాకు ఈ మూడూ ఒకటిగానే కనబడుతున్నాయి. ‘ఇంత కథ ఎవరు చదువుతారమ్మా, సగం తగ్గించుకుని రా’ అన్నాడాయన. ఏ సగం తగ్గించాలో తెలియక నేనే రాసుకుంటున్నాను. తప్పులుంటే మన్నించగలరు.

1. సదరు స్మారకం గత ఏడాది తమరి చేతుల మీదుగానే ఆవిష్కరింపబడినది. తమరు నల్లరాతి మీది గుడ్డ లాగినప్పుడు చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను. కొండ మీది పోరులో మిగిలివచ్చినవారిలో ఒకడని నా తమ్ముడికి మొదటి వరుసలో కుర్చీ వేశారు. నేను రాత్రంతా కూర్చుని వాడి పాత కోటు నడుము దగ్గర బిగించి ఇచ్చాను. మనిషి అంత చిక్కిపోయాడు.

కాసేపటికి తమరు మైకులో వాడి పేరు పిలిచారు. రెండోసారి కూడా పిలిచారు. కుర్చీ ఖాళీగా ఉంది. ఆనాడు తమరికి కోపం వచ్చినట్లు తమరి ముఖం చూస్తే తెలిసింది. వాడు ఎక్కడికి పోయినదీ ఇప్పుడు మనవి చేసుకొంటున్నాను.

తాడు కట్టిన హద్దు బయట ఒక ఆడమనిషి, బడి ఈడు కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పొరుగూళ్లో రొట్టెల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేస్తుంది. ఆమే ఆ డ్రైవరు భార్య. లోపలికి రాబోతే బిళ్ల పెట్టుకున్న ఉద్యోగి ఆపాడు.

“పాసేదమ్మా?”

“పాసు ఎవరిస్తారండీ?”

“చనిపోయినవాళ్ల ఇళ్లకి మేమే పంపించాం. మీకూ వచ్చుండాలి.”

“మా ఇంటికి ఏమీ రాలేదండి.”

“అయితే మీవాళ్లు చనిపోలేదమ్మా. సంతోషించు.”

ఆయన వెటకారంగా అనలేదు. చేతిలో పని ఎక్కువై అన్నాడంతే. అది విన్న నా తమ్ముడు లేచి వెళ్లి ఆమెను తెచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఉద్యోగి మళ్లీ వచ్చి ఆమెను లేపాడు. అప్పుడు వాడు కూడా తాడు దాటి ఆమె పక్కన ఎండలో నిలబడ్డాడు. తమరు పిలిచినప్పుడు వాడు అక్కడే ఉన్నాడు. వినబడింది, కదలలేదు.

జనం వెళ్లిపోయాక ముగ్గురూ రాతి దగ్గరికొచ్చారు. ఆమె వేలు పెట్టి ఒక్కొక్క పేరే చదువుకుంటూ పోయింది. కింద ఒక పేరు పట్టేంత ఖాళీ మిగిలింది. అక్కడ ఆమె వేలు ఆగిపోయింది. “మరిచిపోయుంటారు అక్కా, నేను అడుగుతాను” అన్నాడు నా తమ్ముడు ఆమెతో. ఇవన్నీ ఆ మాటతోనే మొదలయ్యాయి.

2. సదరు డ్రైవరు పూర్తి పేరు, తండ్రి పేరు, వయసు ఈ అర్జీకి కుట్టిన వేరే కాగితంలో పెద్ద అక్షరాలతో రాశాను, చెక్కేవారికి పొరపాటు పోకూడదని. ఈ అర్జీలో మాత్రం నా తమ్ముడు పిలిచినట్టే బావ అంటాను.

బావ సైన్యంలో మనిషి కాడు. కాంట్రాక్టరు పంపిన ట్యాంకరు నడిపేవాడు. వంటవాడి దగ్గర్నుంచి పెద్ద అధికారి దాకా ఎవరినైనా బావా అనే పిలిచేవాడట. “వరస కలిపేస్తే సగం తిట్లు తగ్గుతాయి బావా” అనేవాడట. అందువల్ల అందరూ అతన్ని కూడా బావ అనే పిలిచారు.

కొండ మీద నీళ్లు అయిపోయాయి. దారి మీద ఫిరంగి గుండ్లు పడుతున్నాయి. వాహనాలు వెళ్లకూడదని ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వు సైన్యం డ్రైవర్లకు. కాంట్రాక్టు డ్రైవరుకు ఎవరూ ఏమీ చెప్పలేదు, పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. బావ ట్యాంకరు నింపుకుని పైకి వచ్చేశాడు. మనుషులు గొట్టం కింద నోరు పెట్టి తాగారని, ఒకడు తాగుతూ ఏడ్చాడని నా తమ్ముడు చెప్పాడు. జైలుకు పోయేదాకా కూడా, నా కొట్టు బయటి కుళాయి చుక్క చుక్కగా కారుతుంటే వాడు భోజనం దగ్గర్నుంచి లేచి వెళ్లి కట్టేసి వచ్చేవాడు.

దిగేటప్పుడు గాయపడ్డవాళ్లిద్దరిని బావ క్యాబిన్‌లో ఎక్కించుకున్నాడు. ఒకడు నా తమ్ముడు, తొడలో ఇనపముక్క దిగింది. రెండోవాడు దారిలోనే పోయాడు; అతని పేరు రాతి మీద ఉంది. వంపు దగ్గర గుండు పడి బావకు కడుపులో తగిలింది. ట్యాంకరు లోయ వైపు జారుతుంటే స్టీరింగు తిప్పి కొండకు ఆనించి ఆపాడు. “దిగు బావా, దిగు. ఇది ఎంతోసేపు ఆగదు” అంటూ అటువైపు తలుపు తీసి నా తమ్ముణ్ణి కాలితో తోశాడు. వాడు పాక్కుంటూ నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగి చూశాడు. బావ తల స్టీరింగు మీద వాలిపోయి ఉంది. పిలిస్తే పలకలేదు. ఇంతలో ఇంకో గుండు పడింది. ట్యాంకరు మంటలతో లోయలోకి పోయింది.

కొండ మీద మిగిలినవాళ్లు నీళ్లు రావడం చూశారు. మనిషి పోవడం చూసినవాడు నా తమ్ముడు ఒక్కడే.

3. స్మారకం మీది శాసనంలో “దాహమునకు చలించక, నీరు చేరిన పిమ్మట ద్విగుణీకృత ధైర్యముతో కొండను నిలిపిన వీరులకు” అని చెక్కి ఉన్నది. నీరు చేరినదని ఉంది. ఎవరు చేర్చారో లేదు. చదివినవాళ్లు నీళ్లు వాటంతట అవే కొండ ఎక్కాయని అనుకోవాలి.

ఆ వాక్యం నా తమ్ముడు ఆసుపత్రి మంచం మీద చెప్పిన దాన్నిబట్టి రాసినదే. అప్పుడు పెద్దమనుషులు మంచం చుట్టూ కుర్చీలు వేసుకుని రాసుకున్నారు. అదే మనిషి, అదే మంచం మీద, బావ చనిపోయాడని చెబితే అది మాత్రం రాసుకోలేదు. తర్వాత వాణ్ణి సైన్యం నుంచి పంపేసినప్పుడు ఇచ్చిన వైద్య పత్రంలో “మానసిక ఆఘాతము, ఇతని జ్ఞాపకము నమ్మదగినది కాదు” అని రాశారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని, డ్రైవరు మరణం గురించి వాడిచ్చే వాఙ్మూలం చెల్లదని మూడు కార్యాలయాల్లో చెప్పారు.

4. డ్రైవరు భార్య స్థితి తమరికి మనవి చేసుకోవడం అవసరం. శవం దొరకలేదు. కాంట్రాక్టరు మొదట, డ్రైవరు బండితో సహా కనబడకుండా పోయాడని చెప్పాడు. ఊళ్లో ఆ మాట నోళ్లు మారి, బండి అమ్ముకుని ఇంకొకతెతో పోయాడని స్థిరపడింది. ఆమె ఇంటి కాగితాలు తన పేరున మార్చుకోవాలంటే భర్తను తీసుకురమ్మంటారు. వితంతు పింఛను అడిగితే చనిపోయినట్టు రుజువు తెమ్మంటారు. కూతురి బడి దరఖాస్తులో తండ్రి బతికున్నాడా లేడా అనే గడి దగ్గర ప్రతి ఏడూ ఆగిపోతుంది. “ఏడవాలంటే కూడా మొహమాటంగా ఉంటుంది అక్కా. ఎదురింటావిడ చూసి, పారిపోయినవాడి కోసం ఏడుస్తోంది అంటుందని” అని నాతో అన్నది.

నా తమ్ముడు ఆసుపత్రి నుంచి రాగానే కర్ర పట్టుకుని ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి జరిగినదంతా చెప్పి వచ్చాడు. ఆమె విన్నది. మంచినీళ్లు ఇచ్చింది. నమ్మిందో లేదో చెప్పలేదు.

5. కార్యాలయముల చుట్టూ నేను తిరిగిన తిరుగుడు క్లుప్తముగా: స్మారక సంఘం గుమాస్తా, ఇది సైనికులకు మాత్రమేనని, రవాణా శాఖను అడగమన్నాడు. రవాణా శాఖవారు యుద్ధంలో పోయినవాళ్ల సంగతి సైన్యానిదన్నారు. సైన్యంవారు కాంట్రాక్టరును అడగమన్నారు. కాంట్రాక్టరు, “బండి నాదమ్మా, మనిషి నావాడు కాదు” అన్నాడు. ఆ బండి యుద్ధంలో ధ్వంసమైనట్లు మాత్రం తర్వాత సర్కారు ఒప్పుకున్నది. బండి పోయిందట, లోపలి మనిషి పోలేదట.

మళ్లీ మొదటి గుమాస్తా దగ్గరికే వెళ్లాను. ఆయన చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించాడు.

“చూడమ్మా, ఇవాళ డ్రైవరంటావు. రేపు వంటవాళ్లొస్తారు. ఎల్లుండి బట్టలుతికినవాళ్లొస్తారు. రాయి చాలొద్దూ?”

“వాళ్లు కూడా చచ్చిపోయారాండీ?” అని అడిగాను.

ఆయన కాసేపు నా వంక చూసి కళ్లజోడు తుడుచుకున్నాడు.

6. ఆ తర్వాత నా తమ్ముడు నా కొట్లోంచి బట్ట మీద గీత గీసే సుద్దబిళ్ల తీసుకెళ్లి, రాతి మీది ఖాళీలో “బావ” అని రాసినమాట వాస్తవము. కాపలా మనిషి తుడిచాడు. వాడు మళ్లీ రాశాడు. కొన్నాళ్లపాటు అది వాళ్లిద్దరికీ ఒక పనిగా మారింది. ఎవరో ప్రేమ వెర్రితో రాసిన కొంటె రాత అని పత్రికలో కూడా పడింది. చివరికి ఒకనాడు సుద్ద లాక్కోబోయి కాపలా మనిషి మెట్ల మీద పడ్డాడు. పోలీసులు వచ్చారు. స్మారకాన్ని పాడుచేసినందుకు, విధుల్లో ఉన్న ఉద్యోగిని తోసినందుకు కేసు పెట్టారు.

స్టేషన్లో ఎస్సై గారితో, “సుద్ద కదండీ, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది” అన్నాను.

“సుద్ద పోతుందమ్మా, ఫిర్యాదు పోదు” అన్నారాయన.

7. మాకు కోర్టువారే ఇచ్చిన వకీలు ఒక ఉపాయం చెప్పాడు. వైద్య పత్రం చేతిలో ఉంది గనక, ముద్దాయికి మతి స్థిమితం లేదని ఒప్పుకుంటూ సంతకం చేస్తే కేసు కొట్టేస్తారు, సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ కాగితం నేనే లాకప్పు దగ్గరికి తీసుకెళ్లి వాడి ముందు పెట్టాను.

“ఇక్కడ పెట్టరా తమ్ముడూ. ఇంటికెళ్లిపోదాం.”

వాడు చదివాడు. కలం మూత పెట్టేశాడు.

“అక్కా, నేను పిచ్చివాణ్ణని నేనే సంతకం పెడితే, బావ పోయాడని చెప్పేవాడు ఇంకెవడు మిగులుతాడు?”

“ఇప్పుడు మాత్రం నీ మాట ఎవరు వింటున్నార్రా?”

“వినకపోతే వినకపోనీ. నేను మాత్రం నా నోరు నేను కట్టేసుకోను.”

అయ్యా, నేను వాణ్ణి తిట్టాను. జైలుకు పోతే నీ కాలికి కట్టు ఎవరు మారుస్తారన్నాను. నీకు ఆమె ఎక్కువైందా నేను ఎక్కువా అని కూడా అన్నాను. అనకూడని మాట. వాడు కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

8. కోర్టులో జరిగినది. మేజిస్ట్రేటు గారు పెద్దావిడ. “రాసింది నువ్వేనా?” అని అడిగారు.

“నేనేనండి.”

“ఎందుకు రాశావు?”

“అక్కడ ఖాళీ ఉందండి.”

“ఎవరీ బావ? మీ అక్క భర్తా?”

“కాదండి. మా అక్కకి పెళ్లి కాలేదు.”

కోర్టులో ఉన్నవాళ్లందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. కొందరు నవ్వారు. నేను తల దించుకున్నాను. ఆ నవ్వు తగ్గేలోపే వాడు చెప్పడం మొదలుపెట్టాడు. నీళ్లు అయిపోవడం, ట్యాంకరు రావడం, వంపు, తలుపు, కాలితో తోయడం. ఎక్కడా గొంతు పెంచలేదు. టైపు చేసే అమ్మాయి ఆగిపోయి మేజిస్ట్రేటు గారి వైపు చూసింది, ఇదంతా కేసుకు అవసరమా అన్నట్టు. “కొట్టమ్మా. అన్నదంతా కొట్టు” అన్నారావిడ.

తర్వాత ఆవిడ వైద్య పత్రం చూసి, “నీకు మతి సరిగా లేదని ఇక్కడుంది. అది నిజమని నువ్వంటే నిన్ను పంపించేస్తాను” అన్నారు.

“అది నిజం కాదండి.”

“అయితే శిక్ష వెయ్యాల్సివస్తుంది.”

“వెయ్యండి.”

ఆవిడ వెంటనే వెయ్యలేదు. సర్కారు వైద్యుల దగ్గరికి పరీక్షకు పంపారు. వాళ్లు వాణ్ణి కొన్నాళ్లు ఉంచుకుని, నిద్ర తక్కువని, చప్పుళ్లకు ఉలికిపడతాడని, అంతకుమించి మతికిగాని జ్ఞాపకానికిగాని ఏ లోపమూ లేదని రాసిచ్చారు. కాపలా మనిషి కూడా బోనెక్కి, “తొయ్యలేదండి, నేనే జారిపడ్డాను” అన్నాడు. అందువల్ల ఆ ఆరోపణ పోయింది. రాత మాత్రం మిగిలింది. పదే పదే చేశాడు గనక, మళ్లీ చేయనని మాట ఇవ్వలేదు గనక, కొన్ని వారాల సాధారణ జైలు శిక్ష విధించారు. తీర్పులో “ముద్దాయి పూర్ణమైన మతి స్థిమితము, స్పష్టమైన జ్ఞాపకము కలవాడు” అని ఉన్నది.

ఆ వాక్యం చదువుతున్నప్పుడు మేజిస్ట్రేటు గారు తల ఎత్తి వాడి వైపు ఒక్కసారి చూశారు. వాడు దండం పెట్టాడు. శిక్ష పడ్డవాడు అంత తృప్తిగా దండం పెట్టడం నేనెక్కడా చూడలేదు.

9. పై కారణముల చేత తమరిని వేడుకొనునదేమనగా: వాడు సాక్షి అయినప్పుడు మతిలేనివాడు, ముద్దాయి అయినప్పుడు మతిగలవాడు. ఈ రెండూ ఒకే సర్కారు మాటలు. ఏదో ఒకటే ఉంచండి. కోర్టువారి మాటే ఉంచేటట్లయితే, ఆ తీర్పులో నమోదైన వాఙ్మూలాన్ని కళ్లారా చూసినవాడి సాక్ష్యంగా తీసుకుని, సదరు డ్రైవరు ఆ కొండదారి వంపులో మరణించినట్లు ధ్రువపత్రం ఇప్పించండి. ఆ పత్రం చేతికొస్తే ఆమె ఇల్లు, ఆమె పింఛను, ఆ పిల్ల బడి, వాటంతట అవే ఒక దారికొస్తాయి. పిమ్మట రాతి మీది ఖాళీలో అతని పూర్తి పేరు చెక్కించండి. సైనికుడని రాయనక్కర్లేదు. నీళ్లు తెచ్చినవాడని రాస్తే చాలు, అది నిజం.

తమ్ముడి శిక్ష తగ్గించమని ఈ అర్జీలో అడగడం లేదు. అడగొద్దని వాడు నాతో ఒట్టు వేయించుకున్నాడు. శిక్ష తగ్గిస్తే మళ్లీ మతి మీద అనుమానం వస్తుందట. నాకైతే అడగాలనే ఉంది. వాడి మంచం మీద పరుపు తీసి ఎండబెట్టి మళ్లీ వేశాను. అది కూడా అర్జీలో రాయకూడదు, తెలుసు.

10. ఇది ఫిర్యాదు కాదు, జరిగినది కనుక చేర్చుచున్నాను. మొన్న ములాఖాతుకు డ్రైవరు భార్య కూడా నాతో వచ్చింది, కూతుర్ని తీసుకుని. ఇనప జాలీ అవతల వాడు, ఇవతల మేము. ముందుగా ఆ పిల్లే అడిగింది.

“మా నాన్న భయపడ్డాడా అంకుల్?”

లేదని చెప్పరా, వీరుడని చెప్పరా అని మనసులో అనుకుంటున్నాను. వాడు పిల్ల ఎత్తుకు వంగాడు.

“పడ్డాడమ్మా. చాలా భయపడ్డాడు. పైకొచ్చేసరికి చొక్కా అంతా తడిసిపోయి ఉంది. గేరు మార్చే చెయ్యి వణుకుతుంటే ఇంకో చేత్తో పట్టుకున్నాడు. ‘బావా, నేను మహా పిరికివాణ్ణి, ఎవరికీ చెప్పకు’ అన్నాడు.”

నేను గబుక్కున ఆమె వంక చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వుతూనే కళ్లంట నీళ్లు కారిపోతున్నాయి.

“అవును, ఆయనే. ఇంట్లో బల్లి కనబడితే కుర్చీ ఎక్కి నన్ను పిలిచేవాడు. నువ్వు ఆయన్ని నిజంగానే చూశావు తమ్ముడూ” అంది. తర్వాత జాలీకి నుదురు ఆనించి, చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా, గొంతు విప్పి ఏడ్చింది. ఇన్నేళ్లకు మొదటిసారి. కాపలా పోలీసు టైమైపోయిందని చెప్పడానికి వచ్చి, చెప్పకుండానే వెనక్కి వెళ్లిపోయాడు.

కావున, తమరు ఈ సంగతులన్నిటినీ ఓపికగా చిత్తగించి, న్యాయమని తోచినది చేయవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
యూనిఫారాలు కుట్టే దర్జీ,
పాత బజారు వెనక సందు.

మరొక్క మాట. అయ్యా, పెద్ద కార్యాలయాల్లో అర్జీల మీద ఏం రాస్తారో ఇన్నాళ్ల తిరుగుడులో నేర్చుకున్నాను. తమరు దీని మీద ‘పరిశీలించబడును’ అని మాత్రం రాయకండి. ఇస్తానంటే ఇస్తానని రాయండి. ఇవ్వనంటే ఇవ్వనని రాసి సంతకం పెట్టండి, నాకు కోపం రాదు; దాన్ని పట్టుకుని పై కోర్టుకు పోతాను. ఆ మూడో మాట పట్టుకుని ఎక్కడికీ పోలేం. ఆ ఇంట్లో తల్లీ కూతుళ్లు ఇన్నేళ్లుగా ఆ మాటలోనే కాపురం ఉంటున్నారు.